కుడిచెయ్యి ఖాళీ లేదు

గ్రంధి చలమయ్య ఆ కేన్సర్ ఆసుపత్రి ఆవరణలో కొట్టు పెట్టిన నాటికి అతని చేతిలో ఉన్నది ఇంతే. ముందు ఒక గది, వెనక ఒక రేకుల వసారా. అరల్లో దుప్పట్లు, చాపలు, ఫ్లాస్కులు, నోరు పూసినవాళ్ళకు మెత్తటి బ్రష్షులు, జుట్టు రాలినవాళ్ళకు నూలు తలగుడ్డలు, నాలుకకు రుచి పోయినవాళ్ళకు ఉప్పులో ఊరిన నిమ్మతొనలు. ఇవి కాక, ఆసుపత్రి పెద్దలకు ఎప్పుడూ ఎదురు చెప్పని నోరు ఒకటి. సరుకు పెట్టుబడి అయితే ఆ నోరు బీమా అని చలమయ్య లెక్క. మనుషుల్ని కూడా అతను అలాగే లెక్కేసేవాడు. కొందరు నిలవ సరుకు, కొందరు తరుగు, కొందరు కొసరు. వైద్యం కోసం కోనసీమ నుంచి వచ్చి రోజూ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని వేళాకోళాలాడే అచ్చాయమ్మగారు కొసరు. ఆమె ఏమీ కొనకపోయినా ఆమె మాటలు వినడానికి ఆగినవాళ్ళు ఏదో ఒకటి కొనేవారు.

వ్యాపారం సాఫీగా సాగుతుండగా ఒక రోజు గేటు దగ్గర కాపలావాళ్ళు ఆసుపత్రి డైరెక్టరునే ఆపి, ఏ వార్డు, ఏ రోగి తాలూకు అని అడిగారు.

డైరెక్టరు డాక్టర్ వింజమూరి పరాంకుశం గారు రోగనిరోధక శాస్త్రంలో ఉద్దండులు. ఇంకొకరైతే కాపలావాడికి ఒక మెమో ఇచ్చి ఊరుకునేవారు. పరాంకుశం గారు మూలాల్లోకి వెళ్ళారు. వారం తిరక్కుండా సిబ్బందినీ కొట్లవాళ్ళనీ పచ్చిక మీద కూర్చోబెట్టి ప్రసంగించారు.

"మానవ దేహంలో ముప్పై లక్షల కోట్ల కణాలున్నాయి. వాటికి గేటు లేదు, టోకెన్ లేదు. అయినప్పటికీ కాపలా కణాలు పరాయివాణ్ణి పట్టుకుంటున్నాయి, స్వకీయుణ్ణి వదిలేస్తున్నాయి. కోట్ల ఏళ్ళ అనుభవం గల ఆ యంత్రాంగాన్ని యథాతథంగా స్వీకరిస్తూ నేటి నుంచి ఈ సంస్థలో దేహానుసరణ రక్షణ విధానాన్ని అమలులోకి తెస్తున్నాము."

విధానంలో అంశాలు మూడు. ప్రతి కణమూ తనలో తయారయ్యే వాటి ముక్కల్ని గోడ బయట తగిలించి చూపిస్తుంది కాబట్టి, ప్రతి కొట్టూ ప్రతి విభాగమూ లోపలున్న వాటి నమూనాను ఒక తట్టలో పెట్టి గుమ్మానికి తగిలించాలి. కాపలావాళ్ళు తట్టనే చూడాలి. లోపలికి తొంగిచూడరాదు. ఇది మొదటిది. కాపలా కణాలకు ఆవేశం ఎక్కువ. అదుపు లేకపోతే సొంతవాళ్ళనే చంపేస్తాయి. అందుకని వాటి ఒంటి మీద ఒక చెయ్యి లాంటిది ఉంటుంది. స్వకీయ కణం ఆ చెయ్యి పట్టుకుంటే కాపలా కణం చల్లబడి వెళ్ళిపోతుంది. కనుక కాపలావాళ్ళు లాఠీని ఎడమచేతికి మార్చుకుని కుడిచెయ్యి చాచి తిరగాలి. ఎవరైనా ఆ చెయ్యి అందుకుని కలిపితే, అనుమానం విరమించుకుని ముందుకు సాగాలి. ఇది రెండోది. ఇక కాపలావాళ్ళను శాంతింపజేయడానికి ఆకుపచ్చ టోపీలతో శాంతి దళం ఒకటి. ఇది మూడోది.

కాపలావాళ్ళ పెద్ద సన్యాసినాయుడు విజయనగరం వైపు మనిషి. పటాలంలో సుబేదారుగా చేసి వచ్చినవాడు. దొంగ కూడా చెయ్యి కలిపితే ఏం చెయ్యాలని అతను లేచి నిలబడి అడిగాడు. దొంగ చెయ్యి కలపడనీ, కలిపినవాడు దొంగ కాడనీ, ఇది శాస్త్రమనీ డైరెక్టరుగారు చెప్పారు. నాయుడు సెల్యూట్ కొట్టి కూర్చున్నాడు.

అప్పుడు వెనక వరసలోంచి అచ్చాయమ్మగారు గొంతెత్తారు.

"బాబుగారూ, లోపల ఇంత చక్కటి కాపలా ఉంటే మరి నాకీ రోగం ఎలా వచ్చిందండి?"

"అది పరిపాలనా విషయం కాదమ్మా," అన్నారు డైరెక్టరుగారు. "ఓపీలో అడగండి."

మర్నాడే చలమయ్య తట్ట కట్టాడు. ఒక చాప ముక్క, ఒక ఫ్లాస్కు మూత, ఒక తలగుడ్డ, రెండు నిమ్మతొనలు. కాపలావాడు వచ్చి ఒక్కొక్కటీ తీసి చూసి, నిమ్మతొనకు ఉప్పెందుకని అడిగి, చెయ్యి కలిపించుకుని వెళ్ళాడు. పెద్దల ముచ్చట, పోయేదేముందిలే అనుకున్నాడు చలమయ్య.

పోయేదేమిటో నూకరాజు వచ్చాక తెలిసింది.

నూకరాజు బయటివాడు కాదు. ఆసుపత్రి క్యాంటీనులోనే పుట్టి పెరిగాడు అనుకోవచ్చు. ఒంటి మీద క్యాంటీను నీలంచొక్కా, భుజాన టీ ఫ్లాస్కు, నోటి నిండా "బావగారూ" అనే పిలుపు. క్యాంటీనులో అందరూ పొద్దుగూకితే పొయ్యి ఆర్పి ఇంటికి పోతారు. ఒక సాయంత్రం నూకరాజు పోలేదు. చలమయ్య వసారా గోడకు ఆనుకుని ఫ్లాస్కు దించుకున్నాడు. ఎందుకు పోలేదని ఎవరూ అడగలేదు. అతనికీ తెలిసినట్టు లేదు. పక్కవాడు చాలించినప్పుడు చాలించడం అనే గుణం అతనిలో ఎక్కడో చెడిపోయింది, అంతే. ఫ్లాస్కు పక్కన స్టూలు వచ్చింది. స్టూలు బల్ల అయింది. బల్ల మీద పందిరి లేచింది, పందిరి కింద పొయ్యి వెలిగింది. ఏకులా వచ్చి మేకులా తగులుకోవడం అంటే చలమయ్య చిన్నప్పటి నుంచీ విన్నాడు గానీ, సొంత గోడకు దిగబడటం చూడటం అదే మొదలు.

విధానం ప్రకారం కాపలావాడు వచ్చాడు. నూకరాజు పందిరికి తట్ట లేదు. కొక్కెం కూడా పీకేశాడు. కాపలావాడు తట్ట ఉండవలసిన చోటు వైపు శ్రద్ధగా చూశాడు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. "అభ్యంతరకరమైన నమూనా ఏదీ కనబడలేదు" అని పైకి చెప్పి వెళ్ళిపోయాడు.

చలమయ్య డైరెక్టరుగారి దగ్గరకు వెళ్ళి, తట్ట పెట్టిన నన్ను గంటసేపు సోదా చేసి తట్టే పెట్టనివాణ్ణి వదిలేస్తే ఎలాగండి అని వినయంగా మనవి చేసుకున్నాడు. ఆయన ముచ్చటపడ్డారు. చాలా సూక్ష్మమైన ప్రశ్న అన్నారు. తట్ట లేని కణాలను పట్టుకోవడానికి దేహంలో వేరే దళం ఉంటుందనీ, ఆ పోస్టులకు ఇంకా మంజూరు రాలేదనీ, మంజూరు కాని దళం పనిని మంజూరైన దళం చేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందనీ వివరించారు. చలమయ్య నమస్కారం పెట్టి వచ్చేశాడు. బీమా సొమ్ము ఇలాంటప్పుడే అక్కరకు రాదు.

నూకరాజు పందిట్లో టీకి తోడు గారెలు వచ్చాయి. గారెలకు తోడు పలావు. ఒక మధ్యాహ్నం ఆ వాసన తట్టుకోలేక ఒక కాపలావాడు నిజంగానే ఆగి, ఇక్కడ ఇంత పొయ్యి ఎవరు పెట్టమన్నారని గద్దించాడు. నూకరాజు కంగారు పడలేదు. చాచి ఉన్న ఆ కుడిచేతిని రెండు చేతులతో అందుకుని ఊపాడు.

"ఏటండి బావగారూ, మనోళ్ళమే కదండీ."

కాపలావాడి మొహం వెన్నలా కరిగింది. కళ్ళు సగం మూతపడ్డాయి. తనెందుకు ఆగాడో మరిచిపోయి ముందుకు సాగిపోయాడు. ఆ రోజు నుంచి నూకరాజు పందిరి గుమ్మంలోనే నిలబడి, అటుగా వచ్చిన ప్రతి కుడిచెయ్యీ కలిపాడు. కొన్నాళ్ళకు కాపలావాళ్ళు చెయ్యి కలిపీ కలిపీ అలిసిపోయి, అతను కనబడకపోయినా జోగుతూ చేతులు వేలాడేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. దానికి తోడు ఆవరణలో దొరికిన పంచదారంతా నూకరాజు తన డబ్బాల్లోకి ఎత్తేశాడు. కాపలా గదిలో టీ చప్పబడింది. చప్పటి టీ తాగిన కాపలా కూడా చప్పబడింది.

కంచే చేను మేసినట్టు శాంతి దళం వచ్చి సరిగ్గా ఆ పందిట్లోనే బల్లలు పరుచుకుంది. ఏ కాపలావాడైనా కాస్త గొంతు పెంచితే ఆకుపచ్చ టోపీవాడొకడు లేచి వచ్చి భుజం నిమిరేవాడు. నూకరాజు ఆపరేషన్ థియేటర్ వైపు వెళ్ళే నీళ్ళ గొట్టానికి ఒక కొమ్మ వేసుకున్నాడు. కరెంటు తీగకు ఇంకో కొమ్మ. ఆ తర్వాత ఎక్స్‌రే గది మెట్ల కింద అతని ఫ్లాస్కు ఒకటి కనబడింది. ఇంకొకటి రికార్డుల గది ముందు. శవాగారం అరుగు మీద కూడా ఒకటి, అక్కడ తాగేదెవరో తెలియదు.

ఇదంతా చలమయ్య చూస్తూనే ఉన్నాడు. పందిరి గోడ నెట్టుకొచ్చి అతని కొట్టు తలుపు సగమే తెరుచుకుంటోంది. చాపల కట్ట బయటికి తీయాలంటే ఒక్కొక్క చాపా విడిగా తీయాలి. అతను నాయుడికి చెప్పాడు. శాంతి దళానికి చెప్పాడు. మళ్ళీ నాయుడికి చెప్పాడు. నాలుగోసారి నోరు తెరిచేలోగా నాయుడే వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు. మొహం బాధగానే ఉంది.

"సెట్టిగారూ, మీ ఫిర్యాదుల వల్ల ఆవరణలో మంట పుడతందని శాంతి దళం రాసింది. మంట ఎక్కడుంటే రోగం అక్కడున్నట్టు లెక్కట. సంస్థ వార్షికోత్సవం లోపల మీరు కొట్టు ఖాళీ చెయ్యాలి."

"మంట పెట్టింది నేనా, నాయుడుగారూ? పొయ్యి అతనిది కదా."

"పొయ్యి నమూనా మాకు అందలేదు కదండీ," అన్నాడు నాయుడు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాచాడు. చలమయ్య అలవాటు కొద్దీ కలిపాడు. నాయుడు చల్లబడి వెళ్ళిపోయాడు.

వార్షికోత్సవానికి వారం ఉంది. ఆ కొట్టు పోతే చలమయ్యకు బజారులో ఇంకో కొట్టు లేదు. బజారులో ఉప్పు నిమ్మతొనలు అడిగేవాడూ లేడు. ఆ సరుకుకు విలువ ఆ ఆవరణలోనే. అచ్చాయమ్మగారు బల్ల మీద కూర్చుని తలగుడ్డ సర్దుకుంటూ, "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా నాయనా," అన్నారు. "నాకూ అదే అయిందట. బయటి పురుగైతే ఒళ్ళు ఎప్పుడో తరిమేసేదట. ఇది నా ఒంట్లో కణమేనట. చెయ్యి కలిపి కాపలావాణ్ణి నిద్రపుచ్చిందట. ఇప్పుడు ఆ చెయ్యి కలవకుండా మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తున్నారు."

చలమయ్య చేతిలో దులుపుతున్న దుప్పటి ఆగిపోయింది.

ఆ సాయంత్రం అతను డైరెక్టరుగారి గదికి వెళ్ళాడు. ఫిర్యాదు పట్టుకెళ్ళలేదు. ఫిర్యాదు అమ్ముడుపోని సరుకు. ప్రశ్న పట్టుకెళ్ళాడు. అచ్చాయమ్మగారికి ఎక్కిస్తున్న మందు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఉందన్నాడు. పరాంకుశం గారి మొహం దీపంలా వెలిగింది. బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి మధ్యన రెండు చేతులు గీశారు. కేన్సర్ కణం చెయ్యి చాచకముందే ఈ మందు వెళ్ళి కాపలా కణం చేతిలో కూర్చుంటుందన్నారు. చెయ్యి ఖాళీ లేకపోతే కరచాలనం లేదు, కరచాలనం లేకపోతే కాపలా కణానికి మెలకువ వస్తుందన్నారు.

"అందరికీ పనిచేస్తుందాండి?"

"అందరికీ కాదు. పనిచేసినవాళ్ళలో కొందరికి మళ్ళీ ఇబ్బంది. మేలుకున్న కాపలా కణాలు మంచివాటి మీద కూడా పడతాయి. చర్మం, పేగులు, థైరాయిడ్ గ్రంథి. అప్పుడు చల్లార్చే మందు ఇస్తాము."

"మహా గొప్ప సంగతండి. అయితే మన నూకరాజు..."

"నూకరాజు కణం కాదు చలమయ్యా," అన్నారు డైరెక్టరుగారు సుద్దముక్క దించుతూ. "కాంట్రాక్టు సిబ్బంది."

చలమయ్య దారి పొడుగునా బేరం చూసుకుంటూ వచ్చాడు. కాపలావాడి కుడిచేతిలో ఏదో ఒకటి కూర్చోవాలి. తొడుగు వేస్తే తొడుగుతోనే కలుపుతాడు. కట్టు కడితే నేరం. చిన్న వస్తువైతే జేబులో వేసుకుంటాడు. తీసుకునేవాడు సంతోషంగా తీసుకోవాలి, కింద పెట్టడానికి వీలుండకూడదు. అలాంటి సరుకు అతని అరల్లో ఒక్కటీ లేదు. తెల్లవారి మొదటి బస్సెక్కి అచ్చాయమ్మగారి ఊరు వెళ్ళి, ఒక వ్యాను నిండా కొబ్బరిబొండాలు వేయించుకుని వచ్చాడు.

వార్షికోత్సవం ముందు ఎండలో కష్టపడుతున్న రక్షక సిబ్బందికి చిరుకానుక అని చెప్పి, ప్రతి కాపలావాడికీ, ప్రతి ఆకుపచ్చ టోపీకీ ఒక్కొక్క బొండం చెక్కి ఇచ్చాడు. బొండానికి అడుగు గుండ్రం, కింద పెడితే దొర్లి నీళ్ళు ఒలుకుతాయి. చంకలో పెడితే చొక్కా తడుస్తుంది. ఎడమచేతిలో విధానం ప్రకారం లాఠీ ఉంది. లాఠీ లేకపోయినా ఆ చేత్తో తాగే అలవాటు ఎవరికీ లేదు. తాగాక పారెయ్యకండి, లోపల లేతకొబ్బరి ఉంది, నేనే తిరుగుతూ వచ్చి కొట్టిపెడతాను, అంతదాకా పట్టుకోండి అని మరీ మరీ చెప్పాడు. తరవాత కత్తిని గల్లా కిందకు తోసేసి కూర్చున్నాడు.

పంచదార లేక వాడిపోయిన కాపలావాళ్ళకు ఆ నీళ్ళు దిగేసరికి మెడలు నిక్కాయి. సన్యాసినాయుడు బొండం పట్టుకుని పందిరి ముందుకు వచ్చాడు. నూకరాజు గుమ్మంలోనే ఉన్నాడు.

"రండి బావగారూ," అంటూ చెయ్యి చాచాడు.

నాయుడు తన కుడిచేతిలో బొండాన్ని చూశాడు. ఎడమచేతిలో లాఠీని చూశాడు. లాఠీ చంకలో పెట్టి ఎడమచెయ్యి ఇవ్వబోయి ఆగాడు. ఎడమచెయ్యి ఇచ్చి మనిషిని అవమానించేంత మర్యాద తప్పినవాడు కాదు అతను.

"కుడిచెయ్యి ఖాళీ లేదు, నూకరాజూ."

ఆ తర్వాత ఏం చెయ్యాలో విధానంలో లేదు. చెయ్యడానికి ఏమీ లేక నాయుడు నిలబడ్డాడు. నిలబడినవాడు ఊరికే ఉండలేక చూశాడు. ఎదురుగా మూడు పొయ్యిలు, పది బల్లలు, రెండు మంచాలు, పంచదార డబ్బాల గోడ, గోడ వెనక ఇంకో గది, ఆ గదిలోకి వెళుతూ థియేటర్ నీళ్ళ గొట్టం.

"ఇదేటి, ఇక్కడ ఇంత కొంపుందేటి?" అన్నాడు నాయుడు నెమ్మదిగా. నూకరాజు చెయ్యి ఇంకా చాచే ఉంది.

శాంతి దళంవాడొకడు లేచి నాయుడి భుజం నిమరబోయాడు. అతని చేతిలోనూ బొండమే. ఈలోగా మిగతా కాపలావాళ్ళు చేరారు. బొండం కుడిచేత్తో గుండెకు హత్తుకుని, ఎడమచేతి లాఠీలతో పందిరి గుంజలు పెకలించడం మొదలుపెట్టారు. పొయ్యిలు ఆరాయి. గొట్టం ఊడింది. తీగ తెగింది. పందిరి చలమయ్య వసారాను ఎంత గట్టిగా పెనవేసుకుందంటే, అది కదిలినప్పుడు వసారా రేకులు కూడా దానితోపాటే వచ్చేశాయి. చలమయ్య అడ్డం వెళ్ళబోయాడు. అప్పటికే వచ్చి చూస్తున్న పరాంకుశం గారు అతని భుజం పట్టుకుని ఆపి, గడ్డ తీసేటప్పుడు చుట్టూ కొంత మంచి కండ కూడా తీయడం శస్త్రచికిత్సలో ఆమోదిత పద్ధతి అన్నారు.

మేలుకున్న కాపలా అక్కడితో ఆగలేదు. పూలమొక్కలకు తట్ట లేదని ముందు తోటంతా పీకేశారు. క్యాంటీనులోకి దూరి ఇడ్లీ పాత్రలు పట్టుకున్నారు. జనరేటరు అడిగినదానికి సమాధానం చెప్పడం లేదని ఆపేశారు. డైరెక్టరుగారు ఆనందం పట్టలేక వాళ్ళ వెంటే నడుస్తూ, ఇది చర్మం, ఇది పేగు, ఇది థైరాయిడ్, అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వస్తోందని అందరికీ వివరించారు. తన గది ముందుకు వచ్చాక మాత్రం వివరణ ఆగింది. ఆ గుమ్మానికి తట్ట లేదు. విధానం తయారుచేసినవారికి విధానం వర్తించదని ఆయన అనుకున్నారు. చిరునవ్వుతో చెయ్యి చాచారు.

"కుడిచెయ్యి ఖాళీ లేదండీ," అని నాయుడు ఆయన కుర్చీని పచ్చిక మీదకు మోయించాడు. పిదప ఆయనను కూడా మోయించి అందులో కూర్చోబెట్టి, ఏ వార్డు, ఏ రోగి తాలూకు అని అడిగాడు.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడేలా ఉందని కొట్టు దగ్గర అందరూ కంగారుపడుతుంటే అచ్చాయమ్మగారు నవ్వు ఆపుకుంటూ చలమయ్య వైపు తిరిగారు.

"ఇక ఆ కత్తి తీయి నాయనా. లేకపోతే వార్డుల్లో మా మంచాలు కూడా లేపేస్తారు."

చలమయ్య కత్తి పట్టుకుని తిరిగాడు. ఒక్కొక్క బొండమూ తీసుకుని రెండు చెక్కలు చేసి, లేతకొబ్బరి గీకి పెట్టాడు. తిన్నవాడి కుడిచెయ్యి ఖాళీ అయింది. ఖాళీ అయిన చేతిని పరాంకుశం గారు కుర్చీలోంచే అందుకుని కలిపారు. ఒకరి తర్వాత ఒకరు చల్లబడ్డారు. జనరేటరు మళ్ళీ తిరిగింది.

వార్షికోత్సవంలో డైరెక్టరుగారు దీన్నంతా తాము ముందుగానే రూపొందించిన ప్రయోగంగా ప్రకటించారు. ఇకపై మూడు వారాలకోసారి రక్షక సిబ్బంది కుడిచేతులను నారికేళ ఫలంతో నిరోధించాలని ఉత్తర్వు ఇచ్చారు. చలమయ్య కొట్టు ఖాళీ చెయ్యాలన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది వృథా పోలేదు. తరవాతి విడతలో ఎక్స్‌రే మెట్ల కింద ఫ్లాస్కూ, రికార్డుల గది ముందు ఫ్లాస్కూ దొరికాయి. శవాగారం దగ్గరది దొరకలేదు. అందుకే ఉత్తర్వును పొడిగించారు. నూకరాజు బస్‌స్టాండు ఎదుట బల్ల వేసుకున్నాడు. అక్కడ చుట్టూ ఉన్నవాళ్ళందరూ అతనిలాంటివాళ్ళే, ఒకరి మీదకు ఒకరు పెరగలేక అందరూ సరిగ్గానే ఉన్నారని వినికిడి.

ఆ హడావిడి సద్దుమణిగాక ఒక సాయంత్రం చలమయ్య కొట్టు వెనక నిలబడి, రేకులు లేని వసారా స్థలం చూస్తూ నిట్టూర్చాడు. నాకు మిగిలిందేముందండీ, అచ్చంగా నాది ఒక ముక్క పోయింది అన్నాడు. అచ్చాయమ్మగారు బల్ల మీంచి కదలకుండానే జవాబు చెప్పారు.

"ఆ మాట నా దగ్గరంటావా? నాకూ ఓ పక్క తీసేశారు. తీసేశారు కాబట్టే ఈ పక్కన కూర్చుని నిన్ను ఎగతాళి చేస్తున్నాను. నీకు పోయినవి రేకులే కదయ్యా."

చలమయ్య ఆ రాత్రి కొట్టు కట్టేముందు లెక్క చూసుకున్నాడు. ఖర్చు కింద ఒక వసారా, ఒక వ్యాను బొండాలు, పైన రేకులు లేక వానకు తడిసిన కొన్ని చాపలు. జమ కింద, పూర్తిగా తెరుచుకునే తలుపు, ఉన్న చోటే ఉన్న కొట్టు, దాని ముందు బల్ల, బల్ల మీద అచ్చాయమ్మగారు. ఖర్చూ జమా పక్కపక్కన పెట్టి చూస్తే, కొంత పోయి మిగతాది ఆరోగ్యంగా ఉంది. ఆ ఆవరణలో ఆ మాట చెవినబడితే నష్టమని అనుకునేవారు ఒక్కరూ లేరు. చలమయ్య కూడా దాన్ని లాభం కిందే వేసుకున్నాడు.